మెరిసే వైపు పెట్టిన బొట్టు

ఊళ్లో నాకు పెద్ద ఇమేజి ఏమీ లేదు. ఉన్నవన్నీ డిస్కుల ఇమేజీలే. పాత సాఫ్ట్‌వేర్ సీడీలు ఎవరైనా తెచ్చిస్తే, అందులో ఉన్నది ఉన్నట్టుగా కాపీ తీసి పెడతాను. తమిళనాడులో ఉన్న మా రాజపాళయంలో ఈ పనికి ఎంత గిరాకీ ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఒకప్పుడు నేను నడిపిన కంప్యూటరు సెంటరు మెల్లమెల్లగా జెరాక్సు అంగడి అయిపోయింది. ముందు గదిలో జెరాక్సు మిషను నిలబడి ఇల్లు నడుపుతుంది, వెనక గదిలో నేను కూర్చుని డిస్కులు చదివిస్తాను. చదువు అబ్బనివాడని చిన్నప్పుడే పేరు తెచ్చుకున్నవాణ్ని, చివరికి చదివించడమే వృత్తిగా పెట్టుకున్నాను.

ఫైళ్లను ఒక చోటి నుంచి లాగి ఇంకో చోట పడేయడాన్ని నేను కాపీ అనను. డిస్కు మొదటి చుట్టు నుంచి చివరి చుట్టు దాకా, మధ్యలో ఉన్న ఖాళీలతో సహా చదివి, మొత్తాన్ని ఒకే ఫైలుగా దింపుకోవాలి. దాన్నే ఇమేజి అంటారు. దింపుకున్నది సరైనదేనని ఎలా తెలుస్తుంది? కంప్యూటరు ఆ ఫైలునంతా లెక్కగట్టి, అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలిసిన ముప్పైరెండింటి వరుస ఒకటి ఇస్తుంది. హ్యాష్ అంటారు. లోపల ఒక్క చుక్క మారినా ఆ వరుస గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. అందుకని ఒకే డిస్కును రెండు వేరు వేరు డ్రైవుల్లో పెట్టి రెండుసార్లు చదివిస్తాను. రెండు వరుసలూ ఒకటైతే కాపీ మంచిది. కాకపోతే రెంటిలో ఒకటి అబద్ధం చెబుతోందన్నమాట, లేదా రెండూ. చుట్టాలను కూడా నేను ఇలాగే సరిచూస్తానని మా అన్న అనేవాడు. ఒకే సంగతిని ఇద్దరి దగ్గర విని, రెండు మాటలూ కలవకపోతే భోజనానికి కూడా ఆగకుండా వచ్చేస్తానట.

అన్న ఆయుధపూజ అయిన మూడు వారాలకు పోయాడు. పక్కనున్న తళవాయిపురంలో కుట్టిన సరుకు ఇచ్చి బస్సులో తిరిగి వస్తున్నాడు. రాజపాళయంలో అందరూ దిగారు, అన్న దిగలేదు. నిద్రపోయాడనుకుని కండక్టరు రెండుసార్లు భుజం తట్టాడట. ఆ సంగతి ఆయనే వచ్చి చెప్పాడు. చాలా మర్యాదగా, టికెట్టు చించి ఇచ్చినంత మామూలుగా చెప్పాడు. నేనూ అంతే మామూలుగా విన్నాను. ఏడుపు వస్తుందేమోనని ఎదురు చూశాను, రాలేదు. ఆ తర్వాతి రోజుల్లో కూడా ఎవరు ఏం చెబితే అది చేశాను. అరటాకులు తెమ్మంటే తెచ్చాను, కుర్చీలు లెక్కబెట్టమంటే లెక్కబెట్టాను. ఒంటికి మత్తుమందు ఇచ్చి మనిషిని మాత్రం మెలకువగా ఉంచినట్టు ఉండేది.

అన్నది ఎంబ్రాయిడరీ పని. ఇంటి ముందు హాల్లో ఒక మిషను. నైటీల మెడ చుట్టూ వచ్చే పువ్వులూ తీగలూ కుట్టి తళవాయిపురానికి పంపేవాడు. ఆ మిషనుకు తల ఒకటి, సూదులు పన్నెండు. మా కుటుంబంలో కూడా ఆలోచనకూ మాటలకూ ఉన్న లెక్క సుమారు అదేనని అన్నతో అన్నాను ఒకసారి. సూదులకు నూలు ఎక్కించడం, గుడ్డను రింగులో బిగించడం, తెగిన పోగును కనిపెట్టడం వదిన పని. కంప్యూటరులో డిజైను వేసి మిషనుకు పంపడం అన్న పని. పదహారో రోజు కార్యం అయ్యాక వదిన మిషను స్విచ్చి వేసింది. మిషను వెలిగింది. దాని తోడు కంప్యూటరు లేవలేదు. లోపలి హార్డ్ డిస్కు పోయింది.

వేరే కంప్యూటరు తెచ్చి పెట్టడం నాకు పెద్ద పని కాదు, అంగట్లో పాతవి నాలుగున్నాయి. కానీ ఆ మిషనుతో మాట్లాడే ప్రోగ్రాము కావాలి. అమ్మిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఉన్నది ఒకే ఒక్క సీడీ.

వదిన దాన్ని పసుపు గుడ్డ సంచిలో పెట్టుకుని సోమవారం అంగడికి వచ్చింది. సీడీ పెట్టె మీద అన్న చేతిరాత ఉంది. మా ఇళ్లలో తెలుగు నోట్లోనే ఉంటుంది, రాసేది తమిళ అక్షరాల్లో. నేనొక్కణ్ని నలభై దాటాక పట్టుబట్టి తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను గానీ, అన్న ఆ జోలికి పోలేదు. పెట్టె మీద తమిళ అక్షరాల్లో తెలుగు మాట రాసుకున్నాడు: పారేసేదానికి లేదు.

“తంబీ, ఇందులో ఉండేది బయటికి రావాల,” అంది వదిన. “మా అన్న మంసాపురం నుంచి వచ్చి చెప్పి పోయినాడు. మిషను పాత ఇనుముకు ఇచ్చేసి మా ఇంటికి వచ్చేయి, తోటలో ఒక గది ఉండాది అంటాడు. శుక్రవారం పొద్దున వ్యాను వస్తాది. ఇది వచ్చిందంటే నేను ఈడనే ఉంటాను. రాలేదంటే శుక్రవారం మిషను వ్యానెక్కతాది, శనివారం నేను బస్సెక్కతాను.”

“వచ్చేస్తాది వదినా. సుమ్మా, ఊరికే ఒక పూట పని.”

“నీకు ఏది ఒక పూట పని ఆయె? కరెంటు బిల్లు కట్టేదానికి రెండు రోజులు పోతావు.”

ఆమె వెళ్లాక పెట్టె తెరిచాను. పై వైపు ఎంతో శుభ్రంగా ఉంది. ప్రోగ్రాము ఎక్కించేటప్పుడు కొట్టాల్సిన పొడుగు నంబరు అక్కడే అచ్చయి ఉంది, ఒక్క అంకె చెరగలేదు. సీడీని తిప్పాను. మెరిసే వైపు, నడిమి చిల్లుకూ అంచుకూ మధ్య చందనం బొట్టు, దాని మీద కుంకుమ.

ఆయుధపూజ నాడు మా ఊళ్లో బొట్టు తప్పించుకునే పనిముట్టు ఉండదు. మగ్గం, కత్తెర, మోటారు సైకిలు, తరాజు, జెరాక్సు మిషను, కాలిక్యులేటరు, దేని నుదురు దానికి వెతికి మరీ పెడతారు. అన్న ఈ డిస్కును కూడా పనిముట్లతో పాటు పీట మీద పెట్టేవాడు. పై వైపు పెడితే నంబరు చెరిగిపోతుందని జాగ్రత్తపడి, ఏమీ రాసిలేని వైపు పెట్టాడు. రాత లేని ఆ వైపే అసలు రాతంతా ఉందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాణ్ని నేనే. ఏటా ఆ పూజకు వెళ్లి బొరుగులూ శనగలూ తిని వచ్చినవాణ్ని. ఊరందరి డిస్కులూ కాపాడే పండితుణ్ని, ఆ పీట మీద డిస్కు బోర్లా ఉందా వెల్లకిలా ఉందా అని ఒక్కసారి కూడా చూడలేదు.

పాత ఏళ్ల బొట్లు చెరిగి, పసుపు మరకలుగా మిగిలాయి. ఈ ఏడాదిది మాత్రం ఇంకా మందంగా, చెక్కు చెదరకుండా ఉంది.

ఏ డిస్కు వచ్చినా ముట్టుకునే ముందు రెండు వైపులా స్కాన్ చేసి పెట్టుకోవడం నా అలవాటు. దీన్నీ చేశాను. తెరమీద పెద్దది చేసి చూస్తే చందనంలో వేలి గీతలు కనబడ్డాయి. ఉంగరం వేలు. గీతలకు అడ్డంగా ఏటవాలుగా ఒక సన్నటి తెంపు. చాలా ఏళ్ల కింద మిషను సూది అన్న వేలులోంచి దిగి వెళ్లిన చోటు అది.

నేను లేచి ముందు గదిలోకి వెళ్లి, ఎవరో ఇచ్చిన రెండు ఆధార్ కార్డులకు జెరాక్సు తీసి ఇచ్చి వచ్చాను. తిరిగి వచ్చి కూర్చున్నా ఏమీ అనిపించలేదు. వేలిగీతలు ఎన్నున్నాయో లెక్కబెట్టడం మొదలుపెట్టి, ఎందుకో తెలియక ఆపేశాను.

డ్రైవులో పెట్టాను. మొదట బాగానే చదివింది. కొంచెం దూరం పోయాక డ్రైవు గొంతు మారింది, గురక మధ్యలో దగ్గినట్టు. ఎక్కడ చదవలేకపోయిందో అక్కడ ఖాళీ వదిలి ముందుకు పోయింది. రెండో డ్రైవులో పెట్టాను. అదీ అక్కడే దగ్గింది, ఖాళీలు మాత్రం వేరే చోట్ల వదిలింది. రెండు వరుసలూ కలవలేదు. ఆ కాపీతో ప్రోగ్రాము ఎక్కించి చూస్తే సగం దాటాక ఆగిపోయి, ఫైలు పాడైంది అంది.

సన్నటి గీతలాంటిదైతే చుట్టుపక్కల ఉన్న దాన్ని బట్టి డ్రైవే లెక్కకట్టి పూడ్చుకుంటుంది. వేలి వెడల్పు బొట్టును పూడ్చుకోవడం దాని వల్ల కాదు. మందు నాకు సోమవారం మధ్యాహ్నమే తెలుసు. మెత్తటి గుడ్డ, కాసిని నీళ్లు, ఐదు నిమిషాలు.

నేను ఆ ఐదు నిమిషాల పని చేయలేదు. వేగం తగ్గించి చదివించాను. ఇంకా తగ్గించాను. మూడో డ్రైవు విప్పి దాని లెన్సు కన్ను తుడిచి అందులో చదివించాను. కన్ను తుడవడానికి నాకు అభ్యంతరం లేదు. ప్రతిసారీ వచ్చిన వరుసను నోటుబుక్కులో రాశాను. బుధవారం సాయంత్రానికి పదకొండు వరుసలయ్యాయి, ఏ రెండూ కలవలేదు. వదిన రోజూ ఫోన్ చేసేది.

“కాపీ అయెనా?”

“ఇంకా లేదు వదినా. డిస్కు కొంచెం వీక్‌గా ఉండాది.”

మా ఊళ్లో కాఫీని కూడా కాపి అనే అంటారు. జెరాక్సు దగ్గర నిలబడే అమ్మాయి ఆ మాట విని, పాపం, మూడు రోజులూ నాకు ఒక గ్లాసు తెప్పించి పెట్టింది. కాపీ రాలేదు గానీ కాపికి లోటు లేదు.

గురువారం పదకొండింటికి వదిన నేరుగా వచ్చేసింది. చేతిలో టిఫిన్ బాక్సు. వచ్చీ రాగానే నా కుర్చీ వెనక నిలబడింది. తెర మీద స్కాన్ బొమ్మ తెరిచే ఉంది. మూయాలన్న తెలివి నాకు ఆలస్యంగా వచ్చింది.

“ఇది ఏంది?” అంది.

“డిస్కు వెనక పక్క.”

ఆమె టిఫిన్ బాక్సు బల్ల మీద పెట్టింది.

“ఆ పక్క పెట్టొద్దు, అద్దం మాదిరి ఉండాది, ఏమన్నా అయితాదేమో అని నేను చెప్తిని. నీకేం తెలుసు, ముందర పెడితే నంబరు పోతాది అనె మీ అన్న. పెద్ద ఇంజినీరు.” తెర మీది బొట్టును వేలితో చూపించి అడిగింది. “ఇది ఉండేవరకు ఆ ప్రోగ్రాము రాదు కదా?”

“రాదు.”

“ఎప్పుడు తెలిసె నీకు?”

“సోమవారం.”

“ఈ పొద్దు గురువారం. ఇన్ని దినాలు ఏం చేస్తా ఉంటివి?”

“చదివిస్తా ఉంటిని.”

“ఎన్నిసార్లు?”

“పదకొండు.”

“పదకొండుసార్లు చదివి ఫెయిలైనావా! పదో క్లాసులో కూడా ఇన్నిసార్లు పోలేదే నువ్వు. మూడోసారికి పాసైనావని మీ అన్న చెప్పె.”

“నాలుగు, వదినా.”

“చూడు, అందులో కూడా ఆయప్ప నీకు ఒకటి తగ్గించి చెప్పినాడు.”

ఇద్దరమూ నవ్వలేదు. నవ్వాల్సిన మాటేనని ఇద్దరికీ తెలుసు. ముందు గదిలో జెరాక్సు మిషను ఎవరిదో పట్టా కాగితాలు ఒక్కొక్కటిగా కక్కుతోంది.

“అది తుడిచేస్తే,” అన్నాను, “మళ్లా రాదు వదినా.”

“తుడవకుంటే ఏం వస్తాది? డిస్కును పటం కట్టి గోడకు తగిలిస్తామా? మా అన్న ఇంట్లో తోటలో ఆ గదికి గోడ కూడా సరిగా లేదు.” గుడ్డ కోసం చుట్టూ చూసింది. “నీ చేత కాదు. ఇటివ్వు.”

ఆమె సంచిలోనే మెత్తటి నైటీ గుడ్డ ముక్క ఉంది. ఆమె దగ్గర ఎప్పుడూ ఉంటుంది. గ్లాసులో నీళ్లు తెచ్చి ఇచ్చాను. తడిపి, కూజా మూత తుడిచినట్టు గుండ్రంగా తుడవబోయింది.

“అట్ల కాదు, అట్ల కాదు! చుట్టూ తిప్పేదానికి లేదు. అందులో రాత చుట్లుచుట్లుగా ఉండాది. చుట్టూ గీత పడిందంటే ఆ వరసంతా పోతాది. నడిమి నుంచి అంచుకు నేరుగా లాగాల. అడ్డంగా పడితే అదే సర్దుకుంటాది.”

“ఇప్పుడు పాఠం బాగా చెప్తావు,” అంది. నేను చెప్పినట్టే నడిమి నుంచి అంచుకు లాగింది. బొట్టు మొదట కదల్లేదు. నీళ్లు తగిలించి నాననిచ్చింది. రెండోసారి కుంకుమ పోయింది. మూడోసారి చందనం జారింది. నాలుగోసారి మా ఇద్దరి ముఖాలూ డిస్కులో కనబడ్డాయి, ఏడు రంగుల్లో, కొంచెం వంకరగా. పాత మరకల కోసం ఇంకో పదిసార్లు లాగింది. నేను చూస్తూ నిలబడ్డాను. ఇప్పుడైనా ఏదో ఒకటి జరుగుతుందనుకున్నాను, నాలో. ఏమీ జరగలేదు. గుడ్డ పసుపుపచ్చగా అయింది. వదిన దాన్ని కొళాయి కింద పెట్టి, నీళ్లు తెల్లగా వచ్చేదాకా ఉతికి, గట్టిగా పిండి, కిటికీ కమ్మీకి ఆరేసింది. అంతే.

డిస్కు పూర్తిగా ఆరాక మొదటి డ్రైవులో పెట్టాను. ఎక్కడా దగ్గకుండా చివరిదాకా పోయింది. తీసి రెండో డ్రైవులో పెట్టాను. ఆ సమయంలో ఆమె నా చేత టిఫిన్ బాక్సులో ఇడ్లీలు తినిపించింది. తింటున్నానని నాకు తెలుసు, రుచి తెలియలేదు.

రెండు వరుసలూ వచ్చాయి. రెండూ ఒకటో కాదో కంప్యూటరే చెబుతుంది, రెప్పపాటు పని. వదిన ఒప్పుకోలేదు.

“మిషను చెప్పేది నాకొద్దు. పొద్దున్నించి వచ్చింది వచ్చింది అని, చివర్లో రాలేదు అంటాది అది. ఒకటి నువ్వు చదువు, ఇంకొకటి నేను చూస్తాను.”

రెండో వరుసను కాగితం మీద అచ్చు తీసి ఇచ్చాను. ఆమె పెన్సిలు పట్టుకుని స్టూలు మీద కూర్చుంది. నేను తెర చూసి చదివాను.

“ఏడు.”

“ఉండాది.”

“సి.”

“ఉండాది.”

“సున్నా. సున్నా. బి.”

“మెల్లగా పోప్పా, లాటరీ చదివినట్టు చదవద్దు. ఆఁ, ఉండాది.”

పన్నెండో పదమూడో దాటాక తలెత్తింది. “అవునూ, ఎఫ్ దాటి ఒక్క అక్షరం కూడా రాలేదే?”

“రాదు వదినా. ఇది ఎఫ్ వరకే.”

“సరిపోయె. ఇది కూడా నీ మాదిరి, ఆరక్షరాలతో చదువు నిలిపేసింది.”

ఇరవై. ఇరవై ఐదు. ఆమె పెన్సిలు ప్రతి అక్షరం కింద చిన్న గీత పెడుతోంది, గుడ్డ మీద కుట్టుకు గుర్తు పెట్టినట్టు. ముప్పై. ముప్పై ఒకటి. చివరిది నాలుగు.

“నాలుగు.”

ఆమె కాగితం కళ్లకు దగ్గరగా తెచ్చుకుంది. “నాలుగే,” అంది.

ఫోన్ తీసి వాళ్ల అన్నకు చేసింది. “అన్నా, వ్యాను వద్దని చెప్పేయి. మిషను ఇచ్చేది లేదు.” అవతలి నుంచి ఏదో పెద్ద మాట వచ్చింది. “రాను. పండక్కు వస్తాను. సామాను ఎత్తుకొని రాను,” అని పెట్టేసింది.

ఆ సాయంత్రమే అంగట్లోంచి ఒక పాత కంప్యూటరు మోసుకెళ్లి హాల్లో పెట్టాను. కాపీ నుంచి ప్రోగ్రాము ఎక్కించాను. నంబరు అడిగింది. డిస్కు మీద చూసి కొట్టాను, ఒక్క అంకె కూడా చెరగలేదు గనక ఒక్కసారికే ఒప్పుకుంది. ఆ విషయంలో అన్న జాగ్రత్త వృథా పోలేదు. పాత డిజైన్లు డిస్కులో లేవు. కంపెనీ వాళ్లు ఇచ్చిన నమూనాలు కొన్ని మాత్రం ఉన్నాయి.

శుక్రవారం పొద్దున వ్యాను వచ్చింది. వదిన వాళ్ల అన్న వద్దని చెప్పలేదు, చెల్లెలు మాట మార్చుకుంటుందనుకున్నాడు. ఆయనే వ్యాను ముందు సీట్లో కూర్చుని వచ్చాడు. పాత ఇనుము అంగడాయన కూలీని వెంటేసుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. వదిన వాళ్లవైపు చూడకుండా గుడ్డ బిగించి, నాకు సైగ చేసింది. నేను మీట నొక్కాను. మిషను ఒకసారి తల అటూ ఇటూ ఊపి కుట్టడం మొదలుపెట్టింది. ఆ చప్పుడులో ఎవరి మాటా వినబడలేదు. ఎర్ర పువ్వు ఒకటి, ఆకులు నాలుగు. పోగు తెంపి గుడ్డను రింగులోంచి తీసి, వదిన ముందు వైపు చూడనే లేదు, తిప్పి వెనక కుట్టు చూసింది.

“నూలు లూజుగా ఉండాది,” అంది. తర్వాత వాళ్ల అన్నకు గుడ్డ చూపించింది. “ఎట్ల ఉండాది?”

ఆయన వేలితో తడిమి చూశాడు. “పువ్వు బాగుండాది,” అని, నా వైపు తిరిగి, “ఏం బావా, దీన్ని నువ్వా బాగు చేసినావు?” అన్నాడు, నమ్మకం లేకుండా.

“లేదు. పాసైంది వదిన. నేను పదకొండుసార్లు పోయినాను.”

పాత ఇనుము ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు. “ఇంత దూరం వచ్చినానే అక్కా,” అన్నాడు.

వదిన మూలనున్న చచ్చిన కంప్యూటరు చూపించింది. “దాన్ని ఎత్తుకొని పో. కాపి తాగి పో.”

వాళ్లు కాఫీ తాగి, దాన్ని ఎత్తుకుని వెళ్లిపోయారు. వదిన వాళ్ల అన్న భోజనం దాకా ఉండి బస్సుకు వెళ్లాడు. నేను గోడకు ఆనుకుని నిలబడి మిషను వైపు చూస్తున్నాను. ఆ హాల్లో నేను నిలబడే చోటు ఎప్పుడూ అదే. కంప్యూటరు ముందు కుర్చీ ఖాళీగా ఉంది. అందులో కూర్చోవాలో వద్దో తేలలేదు. ఏడవాలో వద్దో కూడా. ఏదీ రాలేదు.

“ఏం సుమ్మా నిలబడతావు?” అంది వదిన, సూదులకు నూలు ఎక్కిస్తూ. “తళవాయిపురం వాళ్లు సోమవారానికి నలభై అడిగినారు. మీట నొక్కేదానికి నాకు చెయ్యి చాలదు. కూర్చో.”

కూర్చున్నాను. “ఏది కుట్టాల?” అని అడిగాను.

“పొద్దున్నటి ఎర్ర పువ్వే. నూలు బిగించినాను. నొక్కు.”

నొక్కాను.